మతిస్థిమితం, రుజువు భారం: కోకా సుబ్బారావు తీర్పుపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

మతిస్థిమితం లేని కారణంగా తాను చేస్తున్న పని స్వభావాన్ని గాని, అది తప్పని లేదా చట్టవిరుద్ధమని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్న వ్యక్తి చేసిన పని నేరం కాదని 1860 నాటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది. వీటి మూలం 1843లో ఇంగ్లండులో రూపొందిన మెక్‌నాటన్ సూత్రాలలో ఉంది. ఈ నిర్వచనంపై చర్చ విస్తృతంగా జరిగింది. అయితే హత్యకేసులో నిందితుని భవితవ్యాన్ని తేల్చడంలో నిర్వచనంతో సమానమైన పాత్ర రుజువు భారానిది. ఈ వ్యాసం ఆ అంశానికే పరిమితం.

1964 తీర్పు

దాహ్యాభాయి ఛగన్‌భాయి ఠక్కర్ వర్సెస్ గుజరాత్ రాష్ట్రం కేసులో తీర్పు రాసినవారు రాజమహేంద్రవరంలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన మూడు సూత్రాలను నిర్ధారించారు. నేరోద్దేశంతో సహా నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు చేసే బాధ్యత విచారణ ఆద్యంతం ప్రాసిక్యూషన్‌దే. నిందితునికి మతిస్థిమితం ఉన్నదనే భావనతో న్యాయస్థానం మొదలుపెడుతుంది. దానిని ఖండించడానికి సివిల్ దావాలో కక్షిదారు చూపవలసినంత రుజువు చాలు. అంతమేరకు రుజువు చేయలేకపోయినా, అతని సాక్ష్యం నేరోద్దేశంపై సహేతుకమైన సందేహం కలిగిస్తే అతన్ని విడుదల చేయాలి.

ఈ తీర్పుకు ప్రాణం మూడవ సూత్రమే. మినహాయింపును రుజువు చేసే భారం నిందితునిపై మోపిన సాక్ష్య చట్టాన్ని కాదనకుండానే, నేరోద్దేశ నిరూపణను ప్రాసిక్యూషన్ వద్దనే నిలిపింది.

సూత్రానికీ ఫలితానికీ నడుమ

ఆ కేసులో మాత్రం అప్పీలు కొట్టివేయబడింది. మూసిన గదిలో భార్య శరీరంపై 44 గాయాలు చేసిన వ్యక్తి అతడు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాలలో లేని పిచ్చి ప్రస్తావన తరువాత కోర్టులో సాక్షుల నోట వచ్చింది. న్యాయస్థానం ఆ మార్పును నమ్మలేదు.

2002 నాటి శ్రీకాంత్ ఆనందరావ్ భోసలే కేసు దీనికి భిన్నం. భార్యను చంపిన ఆ పోలీసు కానిస్టేబుల్‌కు తీవ్ర మానసిక వ్యాధి ఉన్నట్లు చికిత్స రికార్డులు ఉన్నాయి. కుటుంబంలోనూ ఆ వ్యాధి చరిత్ర ఉంది. ఘటన తరువాత అతడు పారిపోలేదు. సుప్రీంకోర్టు శిక్షను రద్దు చేసింది.

చట్టం ప్రశ్నించేది కృత్యం జరిగిన క్షణాన్ని. ఆ క్షణానికి సాధారణంగా ప్రత్యక్ష సాక్ష్యం ఉండదు కనుక ముందువెనుకల పరిస్థితులే ఆధారం. అక్కడే అసమానత తలెత్తుతుంది. ఆసుపత్రి చీటీ ఉన్నవాని వ్యాధి న్యాయస్థానానికి కనిపిస్తుంది. వైద్యుని ముఖమే చూడని కూలీ వ్యాధికి ఇరుగుపొరుగు మాటే సాక్ష్యం. ఆ మాటను పోలీసు వాంగ్మూలంలో నమోదు చేయకపోతే అది తరువాత అల్లిన కథగా మిగులుతుంది. ఏమి నమోదు చేయాలో నిర్ణయించేది ప్రతిపక్షమే కావడం ఇక్కడి విషాదం.

ముగింపు

నిందితుని పూర్వ మానసిక చరిత్ర దర్యాప్తులో వెల్లడైతే అతన్ని వైద్యపరీక్షకు పంపి, ఆ సాక్ష్యాన్ని కోర్టు ముందుంచడం దర్యాప్తు అధికారి విధి అని, అలా చేయకపోవడం ప్రాసిక్యూషన్ కేసులో తీవ్ర లోపమని 2007లో బాపు అలియాస్ గజరాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. సుబ్బారావు మూడవ సూత్రాన్ని దీనితో కలిపి చదవాలి. చికిత్స రికార్డు లేకపోవడం వ్యాధి లేదనడానికి రుజువు కాదు. ఆ ఖాళీ దర్యాప్తు లోపం వల్ల ఏర్పడినదైతే, దాని భారం నిందితునిపై పడరాదు. అట్లు పడితే సందేహ లబ్ధి చికిత్సకు స్తోమత ఉన్నవారికే దక్కే హక్కుగా మారుతుంది.