వేలు పలికించే పెట్టె

కంప్యూటరులోని రికార్డింగు సాఫ్ట్‌వేరుకు తోడుగా చేరి, వీణగానో వయొలిన్ బృందంగానో పలికే ప్రోగ్రామును సంగీతకారులు ప్లగిన్ అంటారు. స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో తెచ్చిన వి.ఎస్.టి. పద్ధతి 1999లో వాద్యాలకూ విస్తరించడంతో గదినిండా ఉండే సరంజామా తెరమీదికి చేరింది. తరువాత కొన్నేళ్లకే మ్యూజ్ రీసెర్చ్ సంస్థ, ప్లగిన్లను నడపడమే పనిగా గల రిసెప్టర్ అనే పెట్టెను లైనక్స్ మీద రూపొందించింది.

ఈ పెట్టె విలువంతా వేలికీ శబ్దానికీ మధ్యనున్న వ్యవధిలో ఉంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన ధ్వని నడిచేటప్పుడు, 128 నమూనాలను ఒక విడతగా పంపితే ఆ విడతకు పట్టేది సుమారు 3 మిల్లీసెకన్లు. పది పనులు నెత్తినేసుకున్న మామూలు ల్యాప్‌టాప్ తడబడకుండా ఉండడానికి విడతను 1,024కు పెంచితే అది 23 దాటుతుంది, అప్పుడు తాళం చేతికి అందదు. మంచి వాద్యకారుడు కుడిచేత్తో మీట నొక్కి, ఎడమచేత్తో స్వరాన్ని వంచే చక్రాన్ని ఆడిస్తూ తోడి రాగపు గాంధారాన్ని రిషభం వైపు దించి, మధ్యమం వైపు లేపి ఊగించేటప్పుడు ఆ జాప్యం గమకాన్నే మింగేస్తుంది. పనికి అంకితమైన పెట్టె మాత్రం ప్రతి కదలికకూ వెంటనే బదులిస్తుంది. యంత్రం మీద గమకం పలికించడం ఎంత అద్భుతమైన విద్య!

తెలుగు సినిమాకు ఈ విద్య కొత్తది కాదు. రాజ్-కోటి ద్వయం దగ్గర కీబోర్డు వాయించిన దిలీపే తరువాత ఎ.ఆర్. రెహమాన్ అయి, మద్రాసులో సొంత స్టూడియో కట్టుకుని, 1992లో ‘రోజా’తో యంత్రాలచేత ప్రాణమున్న పాట పాడించాడు. ఆ మద్రాసుకు రైలు దారిలోనే ఉన్న నెల్లూరు జిల్లా బోగోలు, బిట్రగుంట, కావలి ప్రాంతాలకు ఆ పాట పరాయిది కాదు.

అటువంటి నేలమీద పెళ్లి రిసెప్షన్లలో, తిరునాళ్లలో ఇప్పుడు మోగుతున్నదేమిటి? గాయకుడి గొంతు తీసేసిన మైనస్ ట్రాకు ఒకటి పెన్‌డ్రైవులో నడుస్తుంటే, దాని ముందు కీబోర్డు అలంకారంగా నిలబడి ఉంటోంది. దొంగ కాపీ ప్లగిన్లతో కుక్కిన ల్యాప్‌టాప్ పాట మధ్యలో ఆగిపోతే, ఆ అపకీర్తి ఏళ్ల తరబడి సాధన చేసిన వాద్యకారుడి మీద పడుతోంది. చౌకకు ఆశపడి చేసే ఈ పని కళకు ద్రోహమే. ల్యాప్‌టాపుకు బదులు వాడే ఇటువంటి పెట్టె ఖరీదైనదన్న మాట నిజమే గాని, నలుగురు వాద్యకారులు కలిసి కొనుక్కుంటే భారం పంచుకోవచ్చు. అసలు వాయించేవాడికి పనే లేకపోతే ఆ పెట్టె ఎవరికి? కాబట్టి బోగోలు చుట్టుపక్కల ఉత్సవ కమిటీల పెద్దలు బయానా ఇచ్చే ముందు, వేదికమీద వాయిస్తారా, ట్రాకు వేస్తారా అని అడిగి, వాయించేవారికే ఆ డబ్బు ఇవ్వాలి.