చెంబుని అడగని ప్రశ్న

1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక చిన్న రిపోర్టు రాసిచ్చారు. పేరు 'ఇండియా రిపోర్ట్'. అంతకుముందు కొన్ని నెలలపాటు మన దేశంలో తిరిగారు. సమాజం వేగంగా మారుతోంది, ఈ మార్పులో మనుషులు వాడుకునే వస్తువుల నాణ్యత చెడిపోకుండా ఏం చెయ్యాలి అన్నది వాళ్ల ముందున్న సమస్య. ఒక డిజైన్ సంస్థ పెట్టండి అన్నారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. 2015లో మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎన్ఐడి కూడా ఆ వంశంలోదే. అందుకే ఈ పాత రిపోర్టుని ఇప్పుడు మళ్లీ చదవడంలో అర్థం ఉంది. మన డిజైన్ చదువు వేటిని ప్రశ్నలుగా గుర్తిస్తుందో అందులో కనిపిస్తుంది. వేటిని గుర్తించదో కూడా.

రిపోర్టులో అందరికీ గుర్తుండిపోయే భాగం చెంబు గురించి. ఈ దేశంలో తాము చూసిన వస్తువుల్లో అత్యంత అందమైనవాటిలో చెంబు ఒకటని ఈమ్స్ దంపతులు మురిసిపోయారు. దీన్ని ఏ ఒక్కడో డిజైన్ చెయ్యలేదు, తరతరాల చేతులు చేశాయి అన్నారు. తర్వాత వరసగా ప్రశ్నలు వేశారు. ఎన్ని నీళ్లు పట్టాలి? చంకలో పెట్టుకుంటారా, నెత్తిన పెట్టుకుంటారా? నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది? వొంపుతుంటే నీళ్లు ఎలా జారతాయి? వేడిగా ఉంటే పట్టుకోగలమా? తోమడం సులువేనా? పాతబడ్డాక తూకానికి అమ్మితే ఎంతొస్తుంది? ఒకరికి ఇస్తుంటే మనసుకి ఎలా ఉంటుంది?

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఈ లిస్టు చూస్తే నాకు అసూయగా ఉంటుంది. మేం రాసుకునే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లలో ఇందులో పదో వంతు శ్రద్ధ కూడా ఉండదు. నేను పద్మనాభం వాణ్ణి. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి, చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబులు, వీటి మధ్యే పెరిగాను. చెంబు మెడ దగ్గర వేళ్లు ఎందుకంత సుఖంగా కుదురుకుంటాయో ఆ రిపోర్టు చదివాకే ఆలోచించాను.

కానీ ఆ లిస్టులో ఒక ప్రశ్న లేదు. ఈ చెంబుని ఎవరు ముట్టుకోకూడదు?

వొంపుతుంటే నీళ్లు ఎలా జారతాయన్న ప్రశ్ననే తీసుకోండి. మన ఊళ్లలో దానికి ఇంకో అర్థం ఉండేది. దాహమని వాకిట్లోకి వచ్చిన మాల మాదిగలకి చెంబు చేతికివ్వరు. దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. చెంబు అంచు చేతికి తగలకూడదు. ధార సన్నగా, చిందకుండా పడాలి. అంచు వంపు ఆ పనికీ చక్కగా సరిపోయింది. తరతరాల చేతులు చేశాయన్న మాట నిజమే. ఆ తరాల్లో చెంబు పట్టుకున్న చేతులూ ఉన్నాయి, దోసిలి పట్టిన చేతులూ ఉన్నాయి. రిపోర్టుకి మొదటివే కనిపించాయి.

కొన్ని నెలలు తిరిగి వెళ్లిన విదేశీయుల్ని ఇంతగా నిలదీయడం న్యాయమా అనొచ్చు. ఇచ్చేటప్పుడు మనసుకి ఎలా ఉంటుందని అడిగారు కదా, గుమ్మం దాకా వచ్చారు. నా ఫిర్యాదు వాళ్ల మీద కన్నా, ఆ లిస్టుని ఆరు దశాబ్దాలకు పైగా మెచ్చుకుంటూ వస్తున్న మన మీద. గుమ్మం అవతల ఏముందో మనకి తెలుసు.

సమాజం మారినప్పుడు డిజైన్ కూడా మారుతుందని అంటుంటాం. ఎటువైపు మారుతుందనేది అసలు సంగతి. మరచెంబు గుర్తుందా? రైళ్లు వచ్చాయి, అన్ని కులాల వాళ్లూ ఒకే పెట్టెలో కూర్చోవాల్సి వచ్చింది. మర బిగించిన మూతతో నీళ్లు ఒలకవు. మడీ ఆచారం పాటించే ఇళ్లకి ఇంకో లాభం, దారిలో ఎవరి చేతి నీళ్లో తాగాల్సిన పని లేదు. వస్తువుగా చూస్తే గొప్ప పనితనం. పాత గీతని కొత్త కాలంలోకి మోసుకొచ్చిన పనితనం కూడా. టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. పేపర్ కప్పు వచ్చాక రెండో గ్లాసు చాలాచోట్ల కనపడకుండా పోయింది. గ్లాసు పోవడం, గీత పోవడం ఒకటేనా? ఒకసారి తాగి పారేసే కప్పుతో ఎవరూ ఎవరి ఎంగిలి గురించీ మాట్లాడుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది, అంతే.

ఇప్పుడు విశాఖలోనో హైదరాబాద్‌లోనో అపార్ట్‌మెంట్లకి వెళ్లండి. పనివాళ్లకి వేరే లిఫ్టు. గేటు దగ్గర యాప్. అందులో పనిమనిషి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, ఆమెకి ఎన్ని స్టార్లు. ఇంటివాళ్లకి ఆమె స్టార్లు ఇచ్చే బటన్ మాత్రం ఉండదు. మా పరిభాషలో యూజర్ అంటే డబ్బు కట్టేవాడు. ఆమె యూజర్ కాదు, డేటా.

ఈ ప్రశ్న మన సాహిత్యం ఎప్పుడో అడిగింది. 1941లో జాషువా 'గబ్బిలం'లో గుడిలోకి వెళ్లలేని మనిషి తన బాధని కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు, మనిషిని ఆపుతారు. తలుపు ఎవరి కోసం చేశారు, ఎవర్ని ఆపడానికి చేశారు అనే చర్చకి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలీదు. డిజైన్ సిలబస్‌లో కావ్యం ఎందుకు అంటే నా జవాబు ఇదే.

మనుషుల దగ్గర్నుంచి మొదలుపెడితే వస్తువు మారుతుందనడానికి దూరం వెళ్లక్కర్లేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణ పట్టి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. మధ్యలో రసాయన రంగులు వచ్చాయి. బొమ్మని పిల్లాడు నోట్లో పెట్టుకుంటాడు, చేసేవాడి చేతులు రోజంతా ఆ రంగులోనే ఉంటాయి. సి.వి. రాజు గారు కళాకారులతో కలిసి గింజలు, బెరళ్లు, వేర్లు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతిని నిలబెట్టారు. 2017లో బొమ్మలకి జీఐ గుర్తింపు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చాయి. అక్కడ ముందు అడిగింది ఆకారం గురించి కాదు, ఎవరి నోరు, ఎవరి చేతులు అని.

తెలుగులో డిజైన్‌ని రూపకల్పన అంటున్నాం. ఆ మాటలోనే రూపం ముందుకొచ్చి కూర్చుంది, మనుషుల మధ్య ఏర్పాటు వెనక్కి పోయింది. మాట మార్చినంత మాత్రాన ఏమీ జరగదు. కానీ డిజైన్ క్లాసులో చెంబుని బల్ల మీద పెట్టి ఈమ్స్ ప్రశ్నలు చదివించే టీచర్ ఎవరైనా ఉంటే, లిస్టు చివర ఇంకొక్కటి చేర్చమని నా మనవి: దీంతో ఎవరు ఎవరికి, ఎంత ఎత్తు నుంచి పోస్తారు?