ఇద్దరు నాయకుల కథ: క్రాసోవర్ మాంగాపై పాఠకాభిప్రాయాలు – గయోపాఖ్యానం వెలుగులో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

వేర్వేరు శ్రేణులకు చెందిన ప్రసిద్ధ పాత్రలు ఒకే కథలో కలుసుకునే రచనను నేటి పాఠకులు ‘క్రాసోవర్’ అని పిలుస్తున్నారు. జపాను మాంగాలో ఇటువంటి కథలు వెలువడినప్పుడల్లా పాఠకులలో కొన్ని అభిప్రాయాలు పదేపదే వినిపిస్తాయి. ఎవరు బలవంతులు, ఎవరికి ఎక్కువ చోటు దక్కింది, ఈ కథ అసలు కథలో భాగమేనా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఈ ప్రశ్నలు తెలుగు సాహిత్యానికి కొత్తవి కావు. శ్రీకృష్ణార్జునులను ఎదురెదురుగా నిలిపిన గయోపాఖ్యానం ఒక శతాబ్దానికి పైగా తెలుగు పాఠక ప్రేక్షకుల చేత ఇవే ప్రశ్నలు అడిగించింది. ఇద్దరు నాయకులు తలపడే కథలలో రసనిర్వహణకు ఎదురయ్యే చిక్కును, దానిని గయోపాఖ్యానం పరిష్కరించిన తీరును, ఆ వెలుగులో నేటి పాఠకాభిప్రాయాల విలువను నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: క్రాసోవర్, మాంగా, గయోపాఖ్యానం, ప్రతినాయకుడు, ఔచిత్యం, అమూలకం, పాఠకాభిప్రాయం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురా వంటి ప్రాంతాలలో ఒకే విద్యార్థికి ఇంట్లో ఉర్దూ, తరగతిలో తెలుగు, ఫోనులో ఆంగ్లం పలకరిస్తుంటాయి. ఆ ఫోనులోనే జపాను మాంగా కూడా ఉంటుంది. జపాను యానిమే చిత్రాలు ఇప్పుడు తెలుగు అనువాదంతో థియేటర్లకు వస్తున్నాయి. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ 2025లో అలా వచ్చినదే. ఈ తరం పాఠకులు కూడినచోట గోకూ, లూఫీ తలపడితే ఎవరు గెలుస్తారన్న వాదం సహజంగా పుడుతుంది.

ఈ వాదాన్ని పిల్లల కాలక్షేపంగా తీసిపారేయడం విద్యావేత్తలకు అలవాటు. ఆ అలవాటు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పాఠకుడు తాను ప్రేమించిన రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి తూచడం విమర్శకు తొలిమెట్టు. ఆ మెట్టు మీద నిలిచిన విద్యార్థితో మాట్లాడటానికి తెలుగు అధ్యాపకుని దగ్గర తగిన సామగ్రి ఉంది. దాని పేరు గయోపాఖ్యానం. ఈ వ్యాసం గణాంక సర్వే కాదు. పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నల స్వభావాన్ని కావ్యశాస్త్ర దృష్టితో పరిశీలించే ప్రయత్నం.

2. పాఠకాభిప్రాయాలు – మూడు తీరులు:

క్రాసోవర్ కథలపై వినిపించే అభిప్రాయాలను స్థూలంగా మూడు తీరులుగా విభజించవచ్చు.

మొదటిది బలాబల విచారం. తన నాయకుడు ఓడిపోతే కథ చెడిందనీ, గెలిస్తే రెండో శ్రేణికి అన్యాయం జరిగిందనీ ఈ పాఠకుడు భావిస్తాడు. ఎవరికి ఎన్ని పుటలు దక్కాయన్న లెక్క కూడా ఈ విచారంలోదే.

రెండవది ఔచిత్య విచారం. “ఆ పాత్ర అలా మాట్లాడదు” అనే అభ్యంతరం దీని నుంచి పుడుతుంది. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించిన క్షేమేంద్రుని పేరు ఈ పాఠకుడు విని ఉండకపోవచ్చు. కానీ అతడు అడిగే ప్రశ్న క్షేమేంద్రుడు అడిగినదే.

మూడవది ప్రామాణ్య విచారం. ఈ కలయిక అసలు కథాక్రమంలో చేరుతుందా, లేక వినోదం కోసం పక్కన అల్లినదా అన్నది ఇక్కడి సందేహం. తెలుగు పండితులు ‘అమూలకం’ అన్న మాటతో చేసిన విచారణ ఇదే. వ్యాస భారతంలో లేని కథను భారత కథగా స్వీకరించవచ్చునా అన్న ప్రశ్న గయోపాఖ్యానానికి ఆది నుంచీ ఎదురైంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్యోతంలో దీనికి దారి చూపాడు. ఇతిహాసం నుంచి తీసుకున్న ఇతివృత్తంలో రసానికి అనుకూలించని భాగం ఉంటే దానిని విడిచి, రసోచితమైన మరో కథను కవి కల్పించుకోవచ్చునని ఆయన అభిప్రాయం. కథ మూలంలో ఉందా అన్నదానికంటే రసానికి తగినదా అన్నదే అక్కడ గీటురాయి.

3. ఇద్దరు నాయకులు – రసనిర్వహణలోని చిక్కు:

వీరరస ప్రధానమైన కథకు నాయకుడు, అతనికి ఎదురు నిలిచే ప్రతినాయకుడు అవసరం. దశరూపకం ప్రతినాయకుణ్ణి లోభి, ధీరోద్ధతుడు, పాపి, వ్యసనపరుడు అని లక్షణీకరించింది. ఆ లక్షణాల వల్లనే అతని ఓటమి ప్రేక్షకునికి ఆనందాన్ని ఇస్తుంది. క్రాసోవర్ కథలో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. ఎదురు నిలిచినవాడు కూడా పాఠకుని ఆరాధ్యుడే. ఒకరి గెలుపు కలిగించే ఉత్సాహాన్ని మరొకరి ఓటమి కలిగించే శోకం మింగేస్తుంది. ఎవరు గెలిచినా పాఠకుడే ఓడిపోతాడు. ఈ చిక్కును దాటడానికి కథకులు ప్రధానంగా మూడు మార్గాలు అనుసరించారు.

3.1 పోరు లేని కలయిక:

‘డ్రాగన్ బాల్’ కర్త అకిరా తొరియామా, ‘వన్ పీస్’ కర్త ఎయిచిరో ఓడా కలిసి రూపొందించిన ‘క్రాస్ ఎపోక్’ 2006 డిసెంబరులో వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో వెలువడింది. రెండు శ్రేణుల పాత్రలు కలగలిసి, చిన్న చిన్న జట్లుగా, షెన్రాన్ అనే మహా డ్రాగన్ ఇచ్చే తేనీటి విందుకు బయలుదేరడం ఈ చిన్న కథలోని విషయం. గోకూ, లూఫీలలో ఎవరు బలవంతులన్న ప్రశ్నకు కథకులు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న పుట్టే సందర్భాన్నే తప్పించారు. బలాబల విచారం చేసే పాఠకునికి ఇది నిరాశ. పాత్రలు ఒకే చిత్రంలో కనిపిస్తే చాలునన్న పాఠకునికి మాత్రం పండుగ. రచయితలు ఇద్దరూ జీవించి ఉండి, ఎవరి పాత్రకు వారు బాధ్యులైనప్పుడు ఇది మర్యాదగల మార్గం. అయితే ఇందులో పణంగా పెట్టినది ఏదీ లేదు.

3.2 తెలియక పోరు:

రెండవ మార్గం అపార్థం. 1976లో అమెరికాలో డీసీ, మార్వెల్ సంస్థలు కలిసి ప్రచురించిన సూపర్‌మాన్–స్పైడర్‌మాన్ కథలో ప్రతినాయకుల పన్నాగం వల్ల నాయకులు తలపడతారు, నిజం తెలిశాక ఏకమవుతారు. ఈ మార్గం భారతీయులకు కిరాతార్జునీయం నాటి నుంచీ పరిచితం. నన్నయ ఆంధ్రీకరించిన అరణ్యపర్వ భాగంలోనూ ఆ ఘట్టం ఉంది. వేటగాని వేషంలో ఉన్న శివుణ్ణి అర్జునుడు గుర్తించలేదు. గుర్తించిన క్షణాన పోరు భక్తిగా మారింది, పాశుపతం ప్రసాదంగా లభించింది.

ఇదే మార్గం విషాదానికీ దారితీయగలదు. పాతబస్తీలోని ఉర్దూ, పారసీక సంస్కారం గల ఇళ్లలో పరిచితమైన రుస్తుం–సొహ్రాబుల కథను ఫిరదౌసి షానామాలో అలాగే నిర్వహించాడు. తండ్రీ కొడుకులని తెలియక పోరాడారు. తెలిసేసరికి కొడుకు తండ్రి చేతిలోనే నేలకూలాడు. కిరాతుని కథలో గుర్తింపు సకాలంలో వచ్చింది, సొహ్రాబు కథలో ఆలస్యంగా వచ్చింది. రెండింటిలోనూ కథకు ఇరుసు అజ్ఞానమే. నిజం తెలిస్తే పోరు ఉండదు.

3.3 తెలిసి పోరు:

మూడవ మార్గం అరుదైనది, కష్టమైనది. ఎదుట ఉన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఒకరిపై ఒకరికి ప్రేమ ఉంది. అయినా పోరు తప్పదు. గయోపాఖ్యానం ఈ మార్గంలో నడిచింది.

4. గయోపాఖ్యానం – నిర్మాణం:

ఆకాశమార్గాన వెళ్తున్న గయుడనే గంధర్వుడు ఉమిసిన తాంబూలం, సూర్యునికి అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుని దోసిలిలో పడుతుంది. కృష్ణుడు గయుణ్ణి సంహరిస్తానని ప్రతిజ్ఞ చేస్తాడు. ఎక్కడా ఆశ్రయం దొరకని గయుడు, శత్రువు పేరు చెప్పకుండా, ముందుగా అర్జునుని వద్ద అభయం పొందుతాడు. పేరు తెలిసిన తరువాత అర్జునుడు మాట వెనక్కి తీసుకోడు.

ఇక్కడ గమనించదగినది ఒకటుంది. అజ్ఞానం ఈ కథలోనూ ఉంది. కానీ అది అభయం ఇచ్చిన క్షణానికే పరిమితం. ఆ తరువాత జరిగేదంతా పూర్తి ఎరుకతో జరిగేదే. కిరాతుని కథలో తెలియడంతో పోరు ముగుస్తుంది, గయుని కథలో తెలియడంతో పోరు మొదలవుతుంది.

ఈ కథలో ప్రతినాయకుడు లేడు. కృష్ణార్జునులలో ఎవరూ దశరూపక లక్షణానికి సరిపోరు. గయుడు చేసినది ఏమరుపాటే గాని పాపం కాదు. వైరమంతా రెండు మాటల నడుమ ఉంది. ప్రతిజ్ఞా పాలనం ఒక ధర్మం, శరణాగత రక్షణం మరొక ధర్మం. దీనితో పాఠకుని ప్రశ్న కూడా రూపు మార్చుకుంటుంది. ‘ఎవరు బలవంతుడు?’ అని మొదలుపెట్టినవాడు ‘ఎవరి మాట నిలవాలి?’ అన్నచోటికి చేరుకుంటాడు. బలాబల విచారం ధర్మ విచారంగా పరిణమించడమే ఈ కథ సాధించిన విశేషం.

చివరకు దైవ జోక్యంతో యుద్ధం ఆగిపోతుంది. ఎవరూ ఓడరు. కేవలం బలపరీక్ష అయి ఉంటే ఈ ముగింపు తప్పించుకునే ఎత్తుగడ అనిపించేది. రెండు ధర్మాలూ సమానమని కథ ముందే ఒప్పించింది గనుక తీర్పు లేకపోవడమే ఇక్కడ సరైన తీర్పు అవుతుంది. శ్రీరామాంజనేయ యుద్ధ కథ కూడా ఇదే అచ్చులో పోసినది. అక్కడా శరణాగతుడు ఉన్నాడు, ఇచ్చిన మాట ఉంది, తెలిసి చేసిన పోరు ఉంది. 1975లో బాపు దర్శకత్వంలో అది వెండితెరకెక్కింది. ఒకే అచ్చు రెండు కథలకు ఆదరణ తెచ్చిందంటే తెలుగు పాఠకుడు ఆ అచ్చును ఇష్టపడి ఎంచుకున్నాడని భావించవచ్చు.

5. ఆదరణ – రంగస్థలం, వెండితెర:

చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) రచించిన గయోపాఖ్యానం నాటకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడైనట్లు ప్రసిద్ధి. పాఠకాభిప్రాయానికి ప్రతుల సంఖ్య కూడా ఒక సాక్ష్యమే. మూలంలో లేని కథ అన్న అభ్యంతరాన్ని పాఠకులు వాదించి గెలవలేదు. పుస్తకం కొని, నాటకం ఆడి, చూసి దాటిపోయారు.

కె. వి. రెడ్డి దర్శకత్వంలో 1963 జనవరిలో విడుదలైన ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ ఈ కలయికకు మరొక పొరను చేర్చింది. కృష్ణునిగా ఎన్. టి. రామారావు, అర్జునునిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. అప్పటికే ఇద్దరికీ వేర్వేరు అభిమాన వర్గాలున్నాయి. కథలోని ఇద్దరు నాయకుల మీద తెర ఇద్దరు నాయకులు వచ్చి కూర్చున్నారు. థియేటర్లో ప్రేక్షకుడు కృష్ణార్జునులను మాత్రమే కాక, తన నటునికి దక్కిన సన్నివేశాన్నీ, సంభాషణనూ తూచే వీలు ఏర్పడింది. నేటి మాంగా పాఠకుడు పుటలు లెక్కపెట్టడం ఇటువంటిదే. పింగళి నాగేంద్రరావు సంభాషణలు ఈ తూకాన్ని కాపాడాయి. ఓటమి లేని ముగింపు కథాధర్మానికీ, తారల సమతౌల్యానికీ ఒకేసారి సరిపోయింది.

6. పరిమితులు:

గయోపాఖ్యాన నిర్మాణాన్ని ప్రశంసించేటప్పుడు దాని మూల్యాన్ని కూడా గుర్తించాలి. గయుడు కథను నడిపించే కారణమే గాని, తనకంటూ కథ ఉన్నవాడు కాదు. తాంబూలం ఉమిసిన తప్పుకు ప్రాణం తీయడం న్యాయమా అన్న ప్రశ్న ఇద్దరు మహానాయకుల వెలుగులో మసకబారుతుంది. అన్నకూ భర్తకూ నడుమ నలిగే సుభద్రది మరింత గాఢమైన వేదన. కృష్ణుడు గెలిస్తే భర్తను, అర్జునుడు గెలిస్తే అన్నను కోల్పోవలసినది ఆమె ఒక్కతే. ‘ఎవరు గెలిచినా పాఠకుడే ఓడిపోతాడు’ అన్న స్థితికి కథలోపల ప్రతినిధి సుభద్ర. అయినా ఆమె మాటతో యుద్ధం ఆగదు, దైవం మాటతో ఆగుతుంది. ఇద్దరు నాయకులకు సమాన గౌరవం ఇవ్వాలన్న తాపత్రయం మిగిలిన పాత్రలకు చోటు తగ్గించడం నేటి క్రాసోవర్ కథలలోనూ కనిపించే లోపమే.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. క్రాసోవర్‌పై పాఠకులు వ్యక్తం చేసే అభిప్రాయాలు బలాబల, ఔచిత్య, ప్రామాణ్య విచారాలుగా విడివడతాయి. చివరి రెండింటికీ భారతీయ కావ్యశాస్త్రంలో స్పష్టమైన పూర్వరంగం ఉంది.

2. ఇద్దరు నాయకుల కథలో ప్రతినాయకుడు లేకపోవడమే ప్రధానమైన చిక్కు. దానిని కథకులు పోరు లేని కలయిక, తెలియక పోరు, తెలిసి పోరు అనే మూడు మార్గాలలో దాటారు.

3. గయోపాఖ్యానం మూడవ మార్గాన్ని ఎంచుకొని, బలం మీది ప్రశ్నను ధర్మం మీది ప్రశ్నగా మార్చింది. తెలుగువారి దీర్ఘకాలపు ఆదరణకు ఇది ముఖ్య కారణం.

4. ఆ మార్పు సుభద్ర, గయుడు వంటి పాత్రల ప్రాధాన్యాన్ని తగ్గించింది. ఈ లోపాన్ని పూరించే పునఃకథనాలకు ఇంకా అవకాశం ఉంది.

బహదూర్‌పురాలో తెలుగును రెండో భాషగా చదివే విద్యార్థి గోకూ పక్షాన వాదిస్తున్నాడంటే అతనికి సాహిత్యం పట్టదని కాదు. అతడు అడుగుతున్నది చిలకమర్తి నాటకం చూసినవారు అడిగిన ప్రశ్నే. ‘గోకూ ఎందుకు గెలవాలి?’ అని అధ్యాపకుడు ఎదురు ప్రశ్న వేస్తే చాలు, సంభాషణ బలం నుంచి ధర్మానికి మళ్లుతుంది. కృష్ణార్జునుల వద్దకూ, రుస్తుం–సొహ్రాబుల వద్దకూ ఆ తరగతి నడిచి వెళ్లగల దూరంలోనే ఉంటుంది.