కీర్తివాచకములు - అర్థవిచారము

కీర్తి, యశస్సు, ఖ్యాతి, ప్రసిద్ధి, పేరు అను పదములు బడులలోఁ బర్యాయములుగా బోధింపఁబడుచున్నవి. అమరసింహుఁడు యశస్సును, గీర్తిని, సమజ్ఞను నొక్కచోఁ జేర్చియుండుటచే నీ బోధకు బలము కలదు. ఐనను నిఘంటువు పదములను జేర్చునది యర్థసామీప్యమును బట్టియే కాని యభేదమును బట్టి కాదు. ఈ వివేకము లోపించుటచే సాహిత్యచరిత్రమునఁ బొరపాటులు పుట్టినవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల చరిత్రమే యిందులకు సాక్ష్యము.

దానాదులవలనఁ గలుగునది కీర్తి, శౌర్యాదులవలనఁ గలుగునది యశస్సు అని కొందఱు పండితులు భేదము చెప్పుదురు. కవిప్రయోగములందు నీ నియమము నిలుచుట లేదు. ధాతువులను బరిశీలించినచో నంతకంటె నుపయుక్తమగు భేదము గానవచ్చును. ఖ్యాతికి మూలము చెప్పుట. విశ్రుతికి మూలము వినుట. కీర్తికి మూలము కొనియాడుట. ఇవి యన్నియుఁ జెప్పువానిని, వినువాని నపేక్షించును. ప్రతిష్ఠ యననో, స్థిరముగా నిలుచుట. కావున గుణము కర్తయందుండును. ఖ్యాతి వక్త నోట నుండును. వక్త లేనిచో ఖ్యాతి లేదు. అంతమాత్రమున గుణము లేదనరాదు.

తెలుఁగున "పేరు" అను మాట మఱింత చిత్రమైనది. నామమునకును, గీర్తికిని నిది యొక్కటియే. పేరు పడినవాఁడు, పేరు మోసినవాఁడు, పేరు చెడినవాఁడు అను వాడుకలు నామమును గూర్చినవి కావు. తమిళమునఁ "బెయర్", కన్నడమున "హెసరు" అను మాటలకును నీ రెండర్థములు గలవు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డలోఁ దెలుఁగువానికిని, గన్నడిగునికిని నీ విషయమునఁ దలంపొక్కటియే.

నామమును, గీర్తియు నొక్క మాటయగుటచే, నామము తొలఁగినచోఁ గీర్తియుఁ జిక్కులఁబడును. ఇందులకు గోన బుద్ధారెడ్డి నిదర్శనము. కాకతీయులకు సామంతుఁడై వర్ధమానపురము నేలిన యీతఁడు 13వ శతాబ్దమున ద్విపదరామాయణమును రచించెను. ఆ వర్ధమానపురమే నేఁడు నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. కృతిని దన తండ్రి విఠలుని పేర రచించుచున్నట్లు కవియే గ్రంథాదిని జెప్పుకొనెను. లోకమున నది రంగనాథరామాయణమను పేరఁ జెల్లుచున్నది. దానిచే రంగనాథుఁడను వేఱొక కవి కలఁడని కొందఱు వాదించిరి. ఉత్తరకాండమును రచించిన కాచవిభుఁడు, విఠలరాజు అనువారు బుద్ధారెడ్డి పుత్రులు. గ్రంథము ప్రతిష్ఠ నొందినది. కర్త పేరు మాత్రము వివాదముపాలైనది. పితృభక్తిచేఁ బేరు విడిచినవాని కవిత్వమునకు లోపమేమి?

చెప్పువారు లేక మఱుగుపడినవారి మాట వేఱు. తెలంగాణమునఁ దెలుఁగుకవులు లేరను నాక్షేపము పుట్టినపుడు సురవరం ప్రతాపరెడ్డి వాదముతోఁ దృప్తినొందలేదు. 354 కవులను జేర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. "తెలియరు" అనఁదగినచోట "లేరు" అనుటయే యాక్షేపకుల దోషము. దానికిఁ బేర్కొనుటయే సరియైన యుత్తరము. ఐనను సంచికలోఁ జేరినంతనే యందఱును సమానకవులు కారు. పేర్కొనుట ఖ్యాతికిఁ జాలును, ప్రతిష్ఠకుఁ జాలదు. తారతమ్యనిర్ణయము విమర్శకుని పని.

ఆ సంకలనకర్త జీవితమే యీ భేదమునకు వ్యాఖ్యానము. 1896లో గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో జన్మించి, 1952లో వనపర్తినుండి శాసనసభ కెన్నికైన ప్రతాపరెడ్డి 1953లో గతించెను. "ఆంధ్రుల సాంఘిక చరిత్రము" 1949లో వెలువడినది. దానికి సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో లభించినది. పురస్కారము తెచ్చినది ఖ్యాతి; గుణము గ్రంథమునందు మొదటినుండియు నున్నదే.

పండితపోషణముచే గద్వాల "విద్వద్గద్వాల" యని పేరొందెను. తిరుపతి వేంకటకవులు మున్నగువారు గద్వాల, వనపర్తి సంస్థానములను దర్శించిరి. నాఁడు కవికి సభయే వక్త. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమునఁ గలిసిన పిమ్మట సంస్థానములు తొలఁగెను. ఆ సభలును దొలఁగెను. కవి పేరు చెప్పు భారము బడిపంతులపైఁ బడినది. పాఠ్యమునకుఁ గవిని గైకొనునపు డాతఁడు ప్రసిద్ధుఁడా యని మాత్రమే విచారించువాఁడు పూర్వవక్తలు చెప్పినదానినే మరలఁ జెప్పినవాఁడగును. పద్యమును జదివి, గుణము నిర్ణయించి, పిదపఁ బేరు చెప్పినవాఁడే కీర్తి యను మాటకు న్యాయము చేసినవాఁడు.