బస్సు మాట్లాడే ముందు

మా సేవా క్లబ్బు తరఫున పావగడ తాలూకా బడిపిల్లల విజ్ఞానయాత్రలు చూసుకునే పని చాలాకాలంగా నాదే. డిసెంబరు దగ్గరపడితే అందరి నోటా మైసూరు, హంపి. చూడదగ్గవే. కానీ రాత్రంతా ప్రయాణం, పగలంతా ఉరుకులు. పిల్లలకు ఏదీ నిలబడి చూసే తీరిక ఉండదు. అందుకే నేను ముందు తిరుమణి సోలార్ పార్కు పేరే చెబుతాను.

వానలు ముఖం చాటేసే నేల మాది. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు ఊళ్ల పొలాల్లో సుమారు 13,000 ఎకరాలు ఇప్పుడు సోలార్ పలకల కింద ఉన్నాయి. 2018లో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. రైతులు భూమి అమ్మలేదు, గుత్తకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. మూడెకరాలున్న ఇంటికి ఎంతొస్తుందో బస్సెక్కకముందే పిల్లలచేత లెక్క కట్టిస్తాం.

అనుమతి పత్రం, తల్లిదండ్రుల సంతకాలు, నీళ్ల క్యాన్లు ఎవరైనా చూసుకోగలరు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడుందో మాత్రం ముందురోజే స్వయంగా వెళ్లి చూసి రావాలి. ఎండ ముదరకముందే లోపలి నడక అయిపోవాలి. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న సొంతంగా రాసుకుని రావాలి. ఇది నేను పట్టుబట్టి చేయించే పని.

పలకల మీద ఎర్రటి దుమ్ము పొరలా పేరుకుని ఉంటుంది. ఒకసారి మేం వెళ్లినప్పుడు, ఆ దుమ్ము తుడవకపోతే కరెంటు తగ్గుతుందని, పలకల నుంచి వచ్చే కరెంటును ఇన్వర్టరు మన ఇళ్లకు పనికొచ్చేలా మారుస్తుందని ఇంజనీరు చెబుతుంటే పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత ఊళ్లో ఒక రైతు దగ్గర కూర్చున్నాం.

"తాతా, మళ్లీ సేద్యం చేస్తావా?" అనడిగాడు ఒక పిల్లాడు.

"గుత్త తీరేసరికి నేనుంటానో లేనో నాయనా. నా మనవడు చేయాల."

వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. "మాకు భూమి లేదు. మా అమ్మ శెనక్కాయ పీకేదానికి కూలికి పోయేది. ఆమెకేమిస్తారు?"

పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "భూమి ఉన్నోళ్లకే గుత్తమ్మా" అన్నాడు. సేద్యం ఆగిన పొలంలో కూలి పనీ ఆగిపోయింది. గుత్త పత్రంలో కూలీకి చోటు లేదు. ఆ అమ్మాయి అడిగేదాకా మా పెద్దవాళ్లలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఏడు మీ క్లబ్బు సమావేశంలో టూరు ప్రస్తావన వస్తే, ముందు మీ తాలూకాలోనే ఒక చోటికి వెళ్లి రండి. అక్కడ పిల్లలతో మాట్లాడటానికి ఒక రైతును, ఒక కూలీని ఒప్పించండి. బస్సు ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.