క్షణచిత్రము – ఋణము

'స్నాప్‌షాట్' అను మాట మొదట వేటగాండ్రది. గురి నిలుపక చటుక్కున పేల్చుట దాని యర్థము. 1860లో జాన్ హెర్షెల్ దానిని ఛాయాగ్రహణమునకు తెచ్చెను. వేట వాసన ఆ మాటను నేటికిని విడువలేదు.

బిలాస్‌పూర్ రైలు పట్టణము; 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. కొలువునకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచ్చట కలవు. ఇట్టి యూరి ఔత్సాహికునకు దొరకు వస్తువులు మూడు: పెంపుడు కుక్క, అర్పా నదియో అచానక్‌మార్ అడవియో, సెలవులలో అమరకంటక యాత్ర. ఇవి వట్టి వినోదమని త్రోసివేయుట తొందరపాటు. ఫ్రెంచివాడైన జాక్ ఆఁరి లార్తీగ్ బాల్యమునుండి ఇంటివారిని, పిల్లిని, ఆటలను తన సంతోషమునకే చిత్రించెను. 1963లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల వానిని ప్రదర్శించునాటికి ఆయనకు అరువది తొమ్మిదేండ్లు.

అయినను మూడు తెగలును సమానములు కావు. కుక్క తన్ను చిత్రించువానిని ఎరుగును. ఆ పరిచయము చిత్రమున నిలుచును. యాత్రాచిత్రమున కుటుంబము ముందు నిలిచి, కొండ వెనుక తెర యగును.

ఈ భేదమును రవీంద్రుడు బిలాస్‌పూర్ స్టేషనులోనే చూపెను. 'పలాతక' (1918)లోని 'ఫాంకి' యందు, బండి మారుటకు దిగిన భర్త, కూలి భార్య రుక్మిణికి ఇరువదియైదు రూపాయ లిత్తునని రోగియైన ఇల్లాలికి మాట యిచ్చి, రెండే యిచ్చి పంపును. ఇల్లాలు గతించిన పిదప తిరిగివచ్చి వెదకినను రుక్మిణి కానరాదు. మజిలీలో చూచి మరచిన ముఖము తీరని ఋణమై మిగిలెను.

ఔత్సాహికునకు కొలబద్ద యిదియే. పెంపుడు కుక్క కిచ్చిన చూపును దారిలోని కూలికిని చెట్టునకును ఇయ్యగలిగిననాడు ఆతని పని కళ యగును, అంతవరకు వేటయే.