నయమాను కథలో తల వంచిందెవరు?

వేసవి సెలవులొస్తే మన పల్లెల్లో చర్చిల ముందు పందిళ్లు లేస్తాయి. వి.బి.ఎస్. పేరుతో వారం పది రోజులు పిల్లలకు పాటలు, కథలు, కంఠత వాక్యాలు, చివరి రోజున బహుమతులు. అక్కడ తిరిగి తిరిగి వచ్చే కథల్లో నయమాను కథ ఒకటి. రాజులు రెండవ గ్రంథం, ఐదో అధ్యాయం. ఈ ఒక్క కథతోనే పిల్లలకు మూడు గుణాలు నేర్పుతారు: వినయం, విధేయత, ఆశానిగ్రహం. ఈ మూడు మాటల్నీ ఎవరికి, వాళ్లే స్థితిలో ఉండగా చెబుతున్నామన్నదే నా ప్రశ్న.

కథ చాలామందికి తెలిసిందే. నయమాను సిరియా రాజు సేనాధిపతి. గొప్పవాడు, కానీ కుష్ఠరోగి. సిరియా దండు ఇశ్రాయేలు మీద పడ్డప్పుడు చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల ఆయన భార్యకు పనిచేస్తుంటుంది. షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరకు పోతే అయ్యగారికి బాగవుతుందని ఆ పిల్లే చెబుతుంది. నయమాను వెండీ బంగారమూ వేసుకొని, రథం కట్టుకొని పోతాడు. ఎలీషా బయటికైనా రాడు. యొర్దానులో ఏడుసార్లు మునగమని మనిషి చేత చెప్పిస్తాడు. సేనాధిపతికి మండిపోతుంది. మా దమస్కు నదులకంటే ఈ నీళ్లు ఎక్కువా అంటాడు. పనివాళ్లు నచ్చజెబితే దిగి మునుగుతాడు, బాగవుతుంది. ఎలీషా కానుక ముట్టడు. ఆయన పనివాడు గేహజీ మాత్రం వెంటపడి, అబద్ధమాడి, వెండీ బట్టలూ తెచ్చుకుంటాడు. నయమాను కుష్ఠం అతనికి అంటుకుంటుంది.

సండే స్కూళ్లలో దీన్ని మూడు వాటాలు వేస్తారు. నయమాను నుంచి వినయం, ఆ చిన్నదాని నుంచి విధేయత, గేహజీ నుంచి ఆశానిగ్రహం. చివరికి "మీరు ఎవరిలా ఉండాలి?" అని అడుగుతారు. "ఆ చిన్నదానిలా!" అని పిల్లలంతా అరుస్తారు. నేనూ అరిచినదాన్నే. ఫ్లానెల్ గుడ్డ మీద అంటించిన ఆ పిల్ల బొమ్మ చేతులు కట్టుకొని, తల వంచుకొని ఉండేది. మర్నాడు పొద్దున్నే మా అక్క ఆసామి గొడ్లసావిట్లో పేడ ఎత్తడానికి పోయేది. అక్కకు అప్పటికి పదకొండేళ్లు. ఆమెకు తల వంచడం కొత్తగా ఎవరు నేర్పాలి?

గ్రంథంలో ఉన్నదే జాగ్రత్తగా చదువుదాం. నీళ్లలో దిగమని ఎవరికి చెప్పారు? రథం మీద వచ్చినవాడికి. ఆ చిన్నదాన్ని అణిగి ఉండమని ఎలీషా అనలేదు, ఇంకెవరూ అనలేదు. ఆమె ఏదో ఆజ్ఞకు లోబడిందన్న మాటే ఈ కథలో లేదు. ఆమె నోరు తెరిచి మాట్లాడింది, అంతే. యజమాని ఇంటికి తెలియని సంగతి తనకు తెలుసని చెప్పింది. ఓడించిన దేశంలో దొరకని స్వస్థత ఓడిన దేశంలో ఉందని చెప్పింది. తరవాత సేనాధిపతి కోపంతో వెనక్కి పోతుంటే ఆపినవాళ్లెవరు? మళ్లీ పనివాళ్లే. అంటే ఈ కథలో విధేయత చూపినవాడు నయమాను. చూపింది తన కింద పనిచేసేవాళ్ల మాటకు. దీన్ని తిరగేసి, సేనాధిపతి నేర్చుకోవాల్సిన వినయాన్ని పేడతట్ట మోసే పిల్ల నెత్తిన పెడుతున్నాం.

ఇక్కడ టీచర్లను తిట్టి లాభం లేదు. వాళ్లూ మన పల్లె ఆడపిల్లలే, చాలామంది జీతం లేకుండా చెబుతారు. పాఠం తయారై బయటి నుంచి వస్తుంది. ఆసామి బిడ్డకూ పాలేరు బిడ్డకూ ఒకే పాఠం. దొరతనం చూసి ఎరగని పిల్లకు దొరతనం వదులుకోమని చెబితే ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే: అణిగి ఉండు.

మన పెద్దల క్రైస్తవం ఇట్లా మొదలవలేదు. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. ఆ తరంలో కొత్తగా చేరినవాళ్లకు మూడు నియమాలుండేవని మిషనరీ జాన్ క్లౌ జ్ఞాపకాలు (1914) చెబుతాయి. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. పైకి ఇవి మతనియమాలు. ఊళ్లో ఇవి ధిక్కారాలు. ఆదివారం పని మానితే ఆసామి పొలం ఆగుతుంది. మొక్కనంటే జాతరలో డప్పు కొట్టననే అర్థం. అందుకే ఊరి పెద్దలు వాళ్లను హింసలు పెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. వాళ్లూ తల వంచారు, నిజమే. ఆసామి ముందు మాత్రం కాదు.

నయమాను కోపం నీళ్ల మీద కోపం. ఎవరి నీళ్లు గొప్పవి అన్న తగువు మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు దగ్గర. తాగే నీళ్లు పాడుచేయొద్దన్న మాదిగ కుర్రవాణ్ణి కొట్టారు. మున్నంగి సువార్త అడ్డంపోయి బిందె ఎత్తింది. జూలై 17న కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఫ్లానెల్ గుడ్డ లెక్కలో సువార్త చేసింది అవిధేయత. గ్రంథం లెక్కలో ఆమె ఆ చిన్నదాని పక్కన నిలబడే మనిషి.

అట్లాగని గ్రంథాన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. నయమాను బాగై ఇంటికి పోయాడు. ఆ పిల్ల తన ఇంటికి పోయిందో లేదో కథ చెప్పదు. ఆమెకు పేరే లేదు. గేహజీ తప్పు చేశాడు సరే, ఆ కుష్ఠం అతని సంతతికి కూడా సదాకాలం అంటుకుంటుందని ఎలీషా శపిస్తాడు. తాత చేసినదానికి మనవడు పుట్టుకతోనే మైలపడటం! ఈ మాట మనం ఇంకో ధర్మశాస్త్రంలో విన్నాం, దాన్నించి బయటపడదామనే ఇక్కడికొచ్చాం. ఈ వచనాన్ని మన పిల్లల ముందు ప్రశ్నించకుండా చదవకూడదు. కుష్ఠం వంశపారంపర్యం కాదని, మందులతో నయమవుతుందని కూడా అదే రోజు చెప్పాలి.

ఆశానిగ్రహం మాటకొస్తే, దాన్ని నేను కొట్టిపారేయను. తాగుడు మాని, పైసా పైసా దాచి మమ్మల్ని బడికి పంపిన తల్లిదండ్రులది ఆశానిగ్రహమే. నేను విశ్వవిద్యాలయం గడప తొక్కింది దానివల్లే. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు అది ఉద్యమమైంది, 1993లో సారా నిషేధం తెచ్చింది. తన బతుకు బాగు కోసం తన్ను తాను పట్టుకోవడం వేరు, కూలి తక్కువిచ్చినా కిమ్మనకుండా ఉండటం వేరు. ఈ తేడా చెప్పని పాఠం ఆసామికే పనికొస్తుంది.

చివరగా ఒక మాట. నయమాను పేరు యేసు కూడా ఎత్తాడు, నజరేతులో, తన ఊళ్లోనే (లూకా నాలుగో అధ్యాయం). ఇశ్రాయేలులో కుష్ఠరోగులు ఎందరో ఉన్నా బాగుపడింది సిరియావాడు నయమాను ఒక్కడే అన్నాడు. విన్నవాళ్లు కోపంతో లేచి, ఆయన్ని ఊరి బయటికి వెళ్లగొట్టి కొండ మీంచి పడదోయబోయారు. మనమే ఎన్నికైనవాళ్లం అనుకున్న ఊరికి కోపం తెప్పించిన కథ, ఊరి బయట ఉన్న మన పల్లెలో పిల్లల్ని నిద్రపుచ్చే కథ ఎట్లా అయింది?

ఈసారి పందిట్లో "మీరు ఎవరిలా ఉండాలి?" అని అడక్కండి. "ఆ పిల్ల పేరు ఏమై ఉంటుంది? ఆమె ఇంటికి ఎప్పుడు పోవాలి?" అని అడగండి. పిల్లలు చెబుతారు. రాసుకోండి.